ఆరు నెలల సావాసం: మారుతున్న స్నేహాల మధ్య ప్రభావాన్ని లెక్కకట్టడం ఎలా?

ఖరగ్‌పూర్‌లో ఎవరైనా "మేం ట్రాఫిక్‌లో ఉంటాం" అంటే వాహనాల రద్దీలో ఇరుక్కున్నారని కాదు. ట్రాఫిక్ అక్కడ రైల్వే క్వార్టర్లున్న ఒక వాడ పేరు. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో తెలుగు వినిపించడం వింతేమీ కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు కార్ఖానా పనికి, లైన్ పనికి ఇక్కడికి వచ్చి స్థిరపడుతూనే ఉన్నారు. పక్కింట్లో బెంగాలీ, ఎదురింట్లో హిందీ, వెనక వరుసలో ఒడియా. పిల్లలు నాలుగు భాషల మధ్య పెరుగుతారు.

ఈ వాడలో ఇద్దరు కుర్రాళ్లను ఊహించుకుందాం. ఒకడు రాజు, ఇంకొకడు శీను. ఏడాది క్రితం వాళ్లకు పరిచయం లేదు. రాజుకు ఖైనీ అలవాటు ఉంది, శీనుకు లేదు. ఇప్పుడు ఇద్దరూ విడదీయలేని స్నేహితులు, ఇద్దరి జేబుల్లోనూ ఖైనీ పొట్లం ఉంది. శీను తల్లి ఏమంటుంది? "ఆ రాజుగాడి సావాసం వల్లే మావాడు చెడిపోయాడు" అంటుంది. రాజు తల్లిని అడిగితే ఆమె కూడా దాదాపు ఇదే మాట శీను మీద చెప్పవచ్చు.

నిజంగా ఏం జరిగింది? రాజును చూసి శీను మొదలుపెట్టాడా? లేక శీను వేరే ఎక్కడో మొదలుపెట్టి, ఆ తర్వాత తనలాంటి వాడిని వెతుక్కుంటూ రాజుకు దగ్గరయ్యాడా? వినడానికి ఇంటి గొడవలా ఉన్న ఈ ప్రశ్న గణాంక శాస్త్రంలో కొన్ని దశాబ్దాలుగా నలుగుతున్న చిక్కుముడి. దాన్ని విప్పడానికి పుట్టిందే, మారుతున్న సామాజిక నెట్‌వర్క్‌ల గణాంక నమూనా.

మూడు సామెతలు, మూడు వివరణలు

స్నేహితుల అలవాట్లు ఒకేలా ఎందుకుంటాయన్న ప్రశ్నకు తెలుగు సామెతల్లోనే మూడు జవాబులున్నాయి.

మొదటిది: ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు. కలిసి తిరగగా తిరగగా ఒకరి అలవాటు మరొకరికి అంటుకుంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని 'ప్రభావం' అంటారు.

రెండోది: గంతకు తగ్గ బొంత. తనకు తగిన వాడినే మనిషి ఎంచుకుంటాడు. అలవాటు ముందే ఉంది, స్నేహం తర్వాత వచ్చింది. దీనికి 'ఎంపిక' అని పేరు.

మూడోది: ఏ గూటి చిలుక ఆ గూటి పలుకే పలుకుతుంది. ఇద్దరూ ఒకే వాడలో, ఒకే కిళ్లీ కొట్టు పక్కన, ఒకే రకం ఇళ్లలో పెరిగారు. ఒకరి నుంచి ఒకరు ఏమీ నేర్చుకోకపోయినా పరిసరాలు ఇద్దరినీ ఒకే దారిలో నడిపించాయి. ఇది 'ఉమ్మడి పరిసరం'.

మూడింటిలో ఏది నిజమైనా బయటకు కనిపించేది ఒకటే: ఖైనీ వాడే ఇద్దరు స్నేహితులు. ఒక్కసారి తీసిన ఫొటోను చూసి కారణం చెప్పలేం. ఆర్థిక శాస్త్రవేత్త చార్లెస్ మాన్‌స్కీ 1993లో ఈ ఇబ్బందిని అద్దంతో పోల్చారు. అద్దంలోని బొమ్మ, అద్దం ముందున్న మనిషి ఒకేసారి కదులుతారు. ఎవరు ఎవరిని కదిలిస్తున్నారో, అద్దం ఎలా పనిచేస్తుందో తెలియనివారు కేవలం కదలికలను చూసి తేల్చలేరు.

తేల్చకపోతే నష్టమేమిటి? చాలా ఉంది. ప్రభావమే అసలు కారణమైతే, పదిమంది మాట వినే కొద్దిమంది పిల్లలకు శిక్షణ ఇస్తే మార్పు వాడంతా పాకుతుంది. ఎంపికే కారణమైతే ఆ ఖర్చు వృథా. స్నేహితులను విడదీసినా ఎవరికి వారు మళ్లీ తమలాంటి వారినే వెతుక్కుంటారు. ఉమ్మడి పరిసరమే కారణమైతే బడిలో పాఠాలు చెప్పడం కన్నా బడి పక్కనున్న కొట్టు మీద దృష్టి పెట్టాలి. జబ్బు ఒకటైతే మందు ఇంకొకటి ఇచ్చినట్టు కాకూడదు కదా.

పట్టాలు ఒక నెట్‌వర్క్, మనుషులు మరొకటి

నెట్‌వర్క్ అంటే ఏమిటో రైల్వే పట్టణంలో వివరించడం తేలిక. స్టేషన్లను చుక్కలుగా, వాటిని కలిపే రైళ్లను గీతలుగా గీస్తే అదే నెట్‌వర్క్. 2003లో పారంగమా సేన్, ఎస్.ఎస్. మన్నా తదితర భౌతిక శాస్త్రవేత్తలు భారతీయ రైల్వేను సరిగ్గా ఇలాగే పరిశీలించి 'ఫిజికల్ రివ్యూ ఇ' పత్రికలో వ్యాసం ప్రచురించారు. ఏదైనా ఒక రైలు రెండు స్టేషన్లలోనూ ఆగితే ఆ రెండింటి మధ్య ఒక గీత ఉన్నట్టు లెక్క. అలా చూస్తే ఇంత పెద్ద దేశంలోనూ ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు చేరడానికి చాలా కొద్దిసార్లు రైలు మారితే చాలని తేలింది. దీన్నే 'చిన్న ప్రపంచం' లక్షణం అంటారు.

స్టేషన్ల మధ్య పట్టాలు రోజూ మారవు. మనుషుల మధ్య గీతలు మాత్రం మారుతూనే ఉంటాయి. రైల్వే వాడలో ఈ మార్పు మరీ ఎక్కువ. ఒకరికి బదిలీ అవుతుంది, ఒకరు రిటైరై క్వార్టర్ ఖాళీ చేస్తారు, కొత్త కుటుంబం సామాన్లతో దిగుతుంది. అంటే గీతలే కాదు, చుక్కలు కూడా వస్తూ పోతూ ఉంటాయి. పైగా స్టేషన్ తనకు ఏ రైలు కావాలో ఎంచుకోదు. మనిషి తన స్నేహితుడిని ఎంచుకుంటాడు. ఒకసారి ఎంచుకున్నాక ఆ స్నేహితుడి వల్ల తానూ మారతాడు, మారాక మళ్లీ కొత్త స్నేహాలు వెతుక్కుంటాడు. గీతలు మనుషులను మారుస్తాయి, మనుషులు గీతలను మారుస్తారు. ఈ రెండు మార్పులనూ కలిపి ఒకే లెక్కలో పట్టుకోవడమే అసలు సవాలు.

ఒక్కరి నిర్ణయం, ఊరంతటి ఫలితం

ఖరగ్‌పూర్ చరిత్రలోనే ఇందుకు దగ్గరి ఉదాహరణ ఉంది. 1927లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులు సమ్మెకు దిగినప్పుడు ఖరగ్‌పూర్ కార్ఖానా దానికి కేంద్రంగా నిలిచింది. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన తెలుగువాడు వి.వి. గిరి ఆ కార్మిక సంఘ నాయకుల్లో ఒకరు. సమ్మె అనేది ఒక్కొక్కరూ విడివిడిగా తీసుకునే నిర్ణయమే అయినా, ప్రతి ఒక్కరూ పక్కవాడు ఏం చేస్తున్నాడో చూసే అడుగు వేస్తారు.

ఇలాంటి సామూహిక నడవడి మీద అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1978లో ఒక సరళమైన నమూనా ఇచ్చారు. వంద మంది ఉన్నారనుకుందాం. ఒకడు ఎవరూ కదలకపోయినా తానే ముందు కదులుతాడు. రెండోవాడు ఒకరు కదిలితే కదులుతాడు, మూడోవాడు ఇద్దరు కదిలితే, నాలుగోవాడు ముగ్గురు కదిలితే. ఇలా చివరివాడు 99 మంది కదిలాకే కదులుతాడు. ఈ గుంపులో మొదటివాడు లేచిన మరుక్షణం నుంచి ఒకరి వెనక ఒకరుగా వంద మందీ లేస్తారు. ఇప్పుడు ఒక చిన్న మార్పు చేద్దాం. 'ఒకరు కదిలితే కదులుతా' అన్నవాడు 'ఇద్దరు కదిలితేనే' అన్నాడనుకుందాం. అంతే, మొదటివాడు ఒంటరిగా నిలబడిపోతాడు. మిగిలిన 99 మంది కదలరు.

రెండు గుంపుల్లోని మనుషులు దాదాపు ఒకటే, ఫలితం మాత్రం నేలకూ నింగికీ ఉన్నంత తేడా. కాబట్టి ఫలితాన్ని చూసి మనసులను అంచనా వేయడం ప్రమాదకరం. ఒక్కో మనిషి నిర్ణయం దగ్గర మొదలుపెట్టి గుంపు ఫలితం దాకా రావాలి. మారుతున్న నెట్‌వర్క్‌ల గణాంకం చేసే పని సరిగ్గా ఇదే.

రెండు ఫొటోల మధ్య సినిమా

నెదర్లాండ్స్‌కు చెందిన గణాంక శాస్త్రవేత్త టామ్ స్నైడర్స్ 1990ల నుంచి ఈ పద్ధతిని నిర్మిస్తూ వచ్చారు. ఆయన బృందం తయారుచేసిన 'సియెనా' అనే సాధనం ఇప్పుడు ఉచితంగా లభించే 'ఆర్' అనే గణాంక భాషలో 'ఆర్‌సియెనా' పేరుతో అందుబాటులో ఉంది.

పరిశోధకుడికి దొరికేవి ఫొటోలే. ఒక తరగతిలోని పిల్లలందరినీ 'నీ స్నేహితులెవరు? నీకు ఈ అలవాటు ఎంతవరకు ఉంది?' అని ఒకసారి అడుగుతారు. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ అడుగుతారు. వీలైతే మూడోసారీ అడుగుతారు. రెండు ఫొటోల మధ్య ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. మొదటి ఫొటోలో రాజు, శీను అపరిచితులు, రెండో ఫొటోలో ఖైనీ పంచుకునే స్నేహితులు. స్నేహం ముందా, ఖైనీ ముందా అన్నది ఫొటోలో ఉండదు.

కాబట్టి నమూనా ఆ మధ్య కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా ఊహిస్తుంది. ఏదో ఒక క్షణంలో ఎవరో ఒకరికి తన స్నేహాల్లో మార్పు చేసే అవకాశం వస్తుంది. అతడు కొత్తగా ఒకరిని స్నేహితుడిగా చేర్చుకోవచ్చు, ఒకరిని వదులుకోవచ్చు, లేదా ఉన్నది ఉన్నట్టే ఉంచవచ్చు. ఒకసారికి ఒకే మార్పు. అలాగే ఇంకొక క్షణంలో ఇంకొకరికి అలవాటు మార్చుకునే అవకాశం వస్తుంది. ఒక మెట్టు పైకి, ఒక మెట్టు కిందికి, లేదా ఉన్నచోటే. ఇలాంటి వందలాది బుల్లి అడుగులు కలిస్తే మొదటి ఫొటో రెండో ఫొటోగా మారుతుంది.

ప్రతి అడుగులోనూ మనిషి తన ముందున్న దారులను మనసులో తూకం వేస్తాడని నమూనా భావిస్తుంది. తూకపు రాళ్లు కొన్ని ఉన్నాయి. స్నేహం నిలబెట్టుకోవడానికి సమయం, శ్రమ కావాలి కనుక కొత్త స్నేహానికి కొంత రుణాత్మక విలువ. అవతలివాడు ముందే తనను స్నేహితుడన్నాడంటే ధన విలువ. స్నేహితుడి స్నేహితుడైతే ఇంకొంత. ఒకే అలవాటు ఉంటే ఇంకొంత.

అంకెలతో చూస్తే సులువుగా అర్థమవుతుంది. ఈ అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవే. కొత్త స్నేహానికి −2, అవతలివాడు ముందే చెయ్యి చాపి ఉంటే +2, ఉమ్మడి స్నేహితుడు ఉంటే +0.3, ఒకే అలవాటు ఉంటే +0.5 అనుకుందాం. శీను ముందు మూడు దారులున్నాయి. ఏమీ మార్చకపోతే మార్కులు సున్నా. రాజు ముందే శీనును స్నేహితుడన్నాడు, ఇద్దరికీ ఉమ్మడి స్నేహితుడు ఉన్నాడు, అలవాటు మాత్రం వేరు. కాబట్టి −2 + 2 + 0.3, అంటే +0.3. బాబుకు శీనుతో అలవాటు ఒకటే, కానీ అతడు శీనును పట్టించుకోలేదు, ఉమ్మడి స్నేహితుడూ లేడు. కాబట్టి −2 + 0.5, అంటే −1.5.

ఎక్కువ మార్కులున్న దారినే శీను తప్పకుండా పడతాడని నమూనా అనదు. మనిషి మనసులో లెక్కకందని కారణాలు కూడా ఉంటాయి. అందుకే మార్కులను సంభావ్యతలుగా మారుస్తారు. 2.718 అనే గణిత స్థిరాంకాన్ని ఆ మార్కుల ఘాతానికి హెచ్చిస్తే మూడు దారులకూ వరుసగా 1, 1.35, 0.22 వస్తాయి. మొత్తం 2.57. ఒక్కో దానినీ మొత్తంతో భాగిస్తే, శీను ఏమీ మార్చకుండా ఉండే అవకాశం దాదాపు 39 శాతం, రాజుతో స్నేహం కట్టే అవకాశం 52 శాతం, బాబును చేరే అవకాశం 9 శాతం.

అలవాటు విషయంలోనూ ఇదే తూకం. అక్కడ 'నా స్నేహితుల సగటు అలవాటుకు నేనెంత దగ్గరగా ఉన్నాను' అన్నది ఒక రాయి. ఆ రాయి బరువే ప్రభావానికి కొలత. స్నేహాల తూకంలో 'ఒకే అలవాటు' అన్న రాయి బరువు ఎంపికకు కొలత. రెండు రాళ్లూ ఒకే లెక్కలో ఉన్నాయి గనుక ఒకదాని బరువు ఇంకొకదాని ఖాతాలో పడే ప్రమాదం తగ్గుతుంది.

మరి ఆ బరువులు ఎవరు చెబుతారు? డేటాయే చెప్పాలి. కంప్యూటర్ మొదట ఏవో బరువులు అనుకుని, మొదటి ఫొటో నుంచి బయలుదేరి ఆ బుల్లి అడుగుల సినిమాను మళ్లీ మళ్లీ నడిపిస్తుంది. సినిమా చివర వచ్చిన బొమ్మను అసలు రెండో ఫొటోతో పోలుస్తుంది. ఎన్ని స్నేహాలున్నాయి, ఎన్ని ఇరువైపులా ఉన్నాయి, ఎంతమంది స్నేహితుల అలవాట్లు కలిశాయి అని లెక్కిస్తుంది. తేడా వస్తే బరువులు సవరిస్తుంది. ఇలా వేలసార్లు నడిపాక, సినిమా సగటున అసలు ఫొటోలాంటి బొమ్మనే ఇస్తున్నప్పుడు ఆగుతుంది. సాంబారులో ఉప్పు సరిపోయిందా అని రుచి చూస్తూ కొద్దికొద్దిగా వేసినట్టే ఇదీ.

స్కాట్లండ్ బడి పిల్లల పాఠం

ఈ పద్ధతిని నేర్చుకునే ప్రతివారూ మొదట చూసేది స్కాట్లండ్‌లోని ఒక బడి డేటా. 1995 నుంచి 1997 వరకు అక్కడి పిల్లలను మూడుసార్లు స్నేహాల గురించి, పొగతాగడం, మద్యం వంటి అలవాట్ల గురించి అడిగారు. మొత్తం 160 మంది పిల్లల్లో 129 మంది మూడుసార్లూ ఉన్నారు. అందులోంచి 50 మంది అమ్మాయిల సమాచారాన్ని పేర్లు లేకుండా విడదీసి, అభ్యాసం కోసం అందరికీ అందుబాటులో ఉంచారు. క్రిస్టియన్ స్టెగ్లిష్, స్నైడర్స్, మైకేల్ పియర్సన్ 2010లో ఈ బడి డేటా మీదే ఎంపికనూ ప్రభావాన్నీ విడదీసే పద్ధతిని వివరంగా ప్రచురించారు.

అంతకు ఏడాది ముందు, 2009లో, లీస్‌బెత్ మెర్కెన్ బృందం ఆరు ఐరోపా దేశాల బడుల్లో పొగతాగే అలవాటును ఇదే పద్ధతిలో పరిశీలించింది. స్నేహితులను అలవాటు చూసి ఎంచుకోవడం విస్తృతంగా కనిపించింది, స్నేహితుల ప్రభావం మాత్రం అన్ని దేశాల్లో ఒకేలా కనిపించలేదు. 'చెడు సావాసమే సర్వ దోషాలకూ మూలం' అని అనుకునే పెద్దలు ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సిన ఫలితమిది.

ప్రభావం అసలు లేదని దీని అర్థం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 59 బడుల్లో 10,730 మంది పిల్లలతో జరిగిన ఒక ప్రయోగ ఫలితాలు 2008లో 'లాన్సెట్'లో వచ్చాయి. పిల్లలే 'మాలో వీళ్ల మాటకు విలువ ఉంది' అని ఎన్నుకున్న తోటివారికి శిక్షణ ఇచ్చి, పొగ తాగొద్దని స్నేహితులతో మామూలు కబుర్లలోనే చెప్పమన్నారు. ఏ బడిలో చేయాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. రెండేళ్ల పాటు గమనిస్తే, శిక్షణ జరిగిన బడుల పిల్లల్లో పొగతాగే అలవాటు తక్కువగా ఉంది. పంతుళ్లు కాదు, తోటి పిల్లలే చెప్పారన్నది ఇక్కడ గమనించాలి.

మొటిమలు కూడా అంటుకుంటాయా?

నమూనాలను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. 2007లో నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణానికి చెందిన 12,067 మంది 32 ఏళ్ల సమాచారాన్ని పరిశీలించారు. ఒకరి స్నేహితుడు ఊబకాయుడైతే అతడూ ఊబకాయుడయ్యే అవకాశం 57 శాతం పెరుగుతుందన్నారు. 'ఊబకాయం అంటువ్యాధి' అని పత్రికలు రాశాయి.

మరుసటి ఏడాది ఏతన్ కోహెన్-కోల్, జేసన్ ఫ్లెచర్ అదే తరహా లెక్కను మొటిమలు, తలనొప్పి, ఎత్తు మీద వేసి చూశారు. లెక్క ప్రకారం అవి కూడా స్నేహితుల నుంచి 'అంటుకున్నాయి'. స్నేహితుడు పొడవైతే మనమూ పొడవవుతామా? కాము. ఉమ్మడి పరిసరాన్ని సరిగ్గా లెక్కలోకి తీసుకుంటే ఆ ప్రభావాలు మాయమయ్యాయి. 2011లో కాస్మా షాలిజీ, ఆండ్రూ థామస్ ఇంకో అడుగు ముందుకు వేశారు. మనం కొలవని ఏదో ఒక లక్షణం స్నేహాన్నీ అలవాటునూ రెండింటినీ నడిపిస్తుంటే, కేవలం పరిశీలనతో ఎంపికనూ ప్రభావాన్నీ పూర్తిగా విడదీయలేమని గణితపరంగా చూపించారు.

సియెనా కూడా ఈ పరిమితికి అతీతం కాదు. కొలిచిన వాటి మధ్య అది న్యాయం చేస్తుంది, కొలవని వాటి గురించి మాట్లాడలేదు. శీనుకు, రాజుకు ఇద్దరికీ నైట్ డ్యూటీ తండ్రులున్నారని, ఇంట్లో అడిగేవారు లేరని ఎవరూ నమోదు చేయకపోతే ఆ సంగతి లెక్కలోకి రాదు.

హైదరాబాద్‌లో తెగిన గీతలు

మారుతున్న నెట్‌వర్క్‌ల గురించి తెలుగు నేల నుంచి వచ్చిన ఒక ముఖ్యమైన ఆధారం హైదరాబాద్‌ది. దాని వెనక కథ కర్ణాటక పల్లెల్లో మొదలవుతుంది.

అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తర్ డఫ్లో, మాథ్యూ జాక్సన్ కర్ణాటకలోని 75 గ్రామాల్లో ఎవరు ఎవరి ఇంటికి వెళ్తారు, ఎవరు ఎవరికి బియ్యమో కిరసనాయిలో బదులిస్తారు, ఎవరు ఎవరితో కలిసి గుడికి వెళ్తారు అని ఇంటింటా అడిగారు. తర్వాత అందులోని 43 గ్రామాల్లోకి ఒక సూక్ష్మరుణ సంస్థ వచ్చింది. రుణం కబురు ఎలా పాకిందో 2013లో 'సైన్స్' పత్రికలో వివరించారు. రుణం తీసుకున్నవారు తీసుకోనివారి కంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువగా ఆ కబురు ఇతరులకు చేరవేశారు. కానీ కబురు తెలిశాక 'పక్కింటివాళ్లు తీసుకున్నారు కాబట్టి మేమూ తీసుకుంటాం' అన్న అదనపు ఒత్తిడి చెప్పుకోదగ్గంతగా కనిపించలేదు. మనం ప్రభావం అనుకునేది చాలాసార్లు కేవలం సమాచారమేనన్నమాట.

ఆ తర్వాత ప్రశ్న తిరగబడింది. నెట్‌వర్క్ రుణాన్ని మోసింది సరే, రుణం నెట్‌వర్క్‌ను ఏం చేసింది? ఎమిలీ బ్రెజా, సింథియా కినన్ కూడా కలిసిన బృందం మళ్లీ ఆ పల్లెలకు వెళ్లి చూస్తే, సూక్ష్మరుణం వచ్చిన గ్రామాల్లో బంధాలు ఎక్కువగా తగ్గాయి. ఆశ్చర్యమేమిటంటే, రుణం తీసుకునే అవకాశమే లేని ఇళ్ల మధ్య గీతలూ తెగిపోయాయి. ఇది కాకతాళీయం కాదని చెప్పడానికి హైదరాబాద్ పనికొచ్చింది. అక్కడ ఏ బస్తీలోకి రుణసంస్థ ముందు వెళ్లాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. ముందు వెళ్లిన బస్తీల్లో ఏళ్ల తర్వాత చూసినా ఇళ్ల మధ్య సంబంధాలు తక్కువగానే ఉన్నాయి.

ఎందుకిలా? చేబదులు అవసరం తగ్గినవారు అరుగు మీద కూర్చోవడం, నలుగురిలోకి రావడం తగ్గించారు. వాళ్లు రాకపోయేసరికి మిగిలినవారూ కలుసుకునే సందర్భాలు తగ్గాయని ఆ బృందం తన నమూనాలో వివరించింది. చివరికి ఎక్కువగా నష్టపోయింది రుణం అందనివారే. కష్టకాలంలో చేబదులిచ్చే చేయి వారికి దూరమైంది. మారుతున్న నెట్‌వర్క్‌ను గమనించకుండా రుణం తీసుకున్నవారినే లెక్కించి ఉంటే ఈ నష్టం ఎవరి కంటా పడేది కాదు.

నేర్చుకోవాలనుకునేవారికి

ఈ విద్యకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మామూలు కంప్యూటర్, ఉచితంగా దొరికే ఆర్ భాష, సంభావ్యత మీద కాస్త పట్టు ఉంటే చాలు. 50 మంది అమ్మాయిల డేటాతో మొదలుపెట్టవచ్చు. కొన్ని జాగ్రత్తలు మాత్రం మొదటి రోజు నుంచే పాటించాలి.

రెండు ఫొటోల మధ్య మార్పు మరీ తక్కువైతే నేర్చుకోవడానికి ఏమీ ఉండదు, మరీ ఎక్కువైతే మధ్యలో సినిమాను ఊహించలేం. రెండుసార్లూ ఉన్న గీతల సంఖ్యను, ఒక్కసారైనా ఉన్న గీతల సంఖ్యతో భాగిస్తే వచ్చే జకార్డ్ సూచిక 0.3 కంటే ఎక్కువ ఉండటం మంచిదని సియెనా వాడేవారి అనుభవం. కంప్యూటర్ సినిమా అసలు ఫొటోకు తగినంత దగ్గరగా వచ్చిందో లేదో చూసుకోకుండా బరువులను చదవకూడదు. తరగతిలో సగం మందే జవాబిస్తే మిగతా సగం గీతలు మాయమైనట్టే. అందుకే వీలైనంతవరకు అందరినీ అడగాలి.

అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త మనుషుల పట్ల. స్నేహాల పటంలో పేర్లు తీసేసినా 'ముగ్గురితోనే మాట్లాడే, గత ఏడాది బదిలీ మీద వచ్చిన కుర్రాడు' ఎవరో వాడలో అందరికీ తెలిసిపోతుంది. అనుమతి తీసుకోవడం, ఎవరి గుట్టూ బయటపడకుండా దాచడం ఇక్కడ లెక్కలో భాగమే.

మళ్లీ ట్రాఫిక్ వాడకు

ట్రాఫిక్ వాడకు కొద్ది దూరంలోనే, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఖరగ్‌పూర్ ఐఐటీ ఉంది. అక్కడి కంప్యూటర్ సైన్స్ విభాగంలో సంక్లిష్ట నెట్‌వర్క్‌ల మీద పనిచేసే ప్రత్యేక పరిశోధన బృందం ఉంది. ఆన్‌లైన్ సామాజిక నెట్‌వర్క్‌లు, భాషల పరిణామం వంటివి ఆ బృందం పరిశోధించే అంశాల్లో ఉన్నాయి.

భాష అన్న మాట వచ్చింది కాబట్టి, ఖైనీని పక్కన పెట్టి ఈ వాడ తెలుగువారికి ఇంకా దగ్గరగా ఉన్న ప్రశ్నను చూద్దాం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. హోదా సరే, పిల్లలు వీధిలో ఏ భాష మాట్లాడతారు? తెలుగు మాట్లాడే పిల్లలు తెలుగు పిల్లలనే స్నేహితులుగా ఎంచుకుంటున్నారా? లేక హిందీ, బెంగాలీ స్నేహితులు పెరిగేకొద్దీ వాళ్ల నోట తెలుగు తగ్గుతోందా? లేక బడి భాషే రెండింటినీ నడిపిస్తోందా? ప్రశ్న రూపం అచ్చంగా రాజు, శీనుల కథే. ఖైనీ స్థానంలో భాష ఉంది, అంతే.

జవాబును బట్టి చేయాల్సిన పనీ మారుతుంది. ప్రభావమే ప్రధానమైతే పిల్లలు కలిసే చోట్లను, ఆటలను, పండుగలను తెలుగుతో నింపాలి. ఎంపికే ప్రధానమైతే ఇంట్లో తెలుగు నిలబడితే స్నేహాలు వాటంతట అవే కుదురుతాయి. బడే ప్రధానమైతే తెలుగు పంతులు కోసం పోరాడాలి. మూడింటికీ చాలినంత సమయం, డబ్బు ఏ వాడ సంఘం దగ్గరా ఉండవు.

రైల్వే క్వార్టర్ల వాడకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. సొంత ఇల్లు కొనుక్కునేవాడు ఇరుగుపొరుగును చూసి కొంటాడు. క్వార్టర్ ఉద్యోగ స్థాయిని, సీనియారిటీని బట్టి వస్తుంది. పక్కింట్లో ఏ భాష మాట్లాడేవారు ఉంటారో చాలావరకు ఉద్యోగి చేతిలో ఉండదు. పూర్తి లాటరీ కాకపోయినా ఎంపిక పాత్ర కొంత తగ్గుతుంది, ప్రభావాన్ని చూడటానికి కాస్త వీలు దొరుకుతుంది.

ఆరు నెలల సావాసం గురించి సామెత చెప్పినవారు మనిషిని బాగానే గమనించారు. ఆ ఆరు నెలల్లో మొదట ఏది జరిగిందో, దేని బరువు ఎంతో చెప్పే తూకం మాత్రం వారి దగ్గర లేదు. ఇప్పుడు అలాంటి తూకం ఒకటి చేతికొచ్చింది. అది అన్నీ తూచలేదు, తప్పుగా పట్టుకుంటే మొటిమలు కూడా అంటువ్యాధి అంటుంది. జాగ్రత్తగా వాడితే మాత్రం, శీను తల్లికి కనీసం ఒక మాట చెప్పగలదు: రాజును నిందించే ముందు, ఎవరి స్నేహం ఎప్పుడు మొదలైందో, ఎవరి అలవాటు ఎప్పుడు మొదలైందో ఒకసారి అడిగి చూడమ్మా అని.